ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట



గత సంవత్సరం, అంటే 2025లో, మన సంచిక ఎందుకు రాలేదని చాలామంది అన్నలు ఫోన్ చేసి అడిగారు. చందాలు చాలలేదని కొందరు, రాసేవాళ్ళు కరువయ్యారని కొందరు అనుకున్నారు. రెండూ నిజం కాదు. చందాలు పోగయ్యాయి, రచనలు వచ్చాయి, టైపింగ్ కూడా పూర్తయింది. ఆ సంచికను పోగొట్టింది ఆరో నంబరు గదిలో ఉండే మేము నలుగురం. ఎలా పోగొట్టామో దాచకుండా చెబితే, ఇళ్ళలోనూ హాస్టళ్ళలోనూ పాత కంప్యూటర్లతో తంటాలు పడే తమ్ముళ్ళకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

స్టడీ హాల్ మూలన ఉండే కంప్యూటర్ మీ అందరికీ తెలిసిందే. మన పూర్వ విద్యార్థి ఒకరు తన ఇంట్లో పిల్లల కోసం కొనుక్కుని, ల్యాప్‌టాప్ వచ్చాక మనకు ఇచ్చేశారు. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నా, సర్టిఫికెట్లు స్కాన్ చేసి, సైజు తగ్గించి, అప్లికేషన్‌కు ఎక్కించాలంటే దాని దగ్గరికే పోతాం. మన సంచిక కూడా అందులోనే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యేది.

2025 జనవరిలో ఆ కంప్యూటర్ మొండికేసింది. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు వచ్చి ఆగిపోయేది. ఎఫ్1 నొక్కితే ముందుకు పోయేది. విండోస్ వచ్చాక ఏ సైటు తెరిచినా భద్రత లేదంటూ ఎర్రటి గుర్తు చూపించేది. అవి స్కాలర్‌షిప్ రెన్యువల్ రోజులు. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. తమ్ముళ్ళు సర్టిఫికెట్ల కవర్లు పట్టుకుని స్టడీ హాల్‌లో వరుసగా కూర్చున్నారు.

ఇక్కడ మా గురించి ఒక మాట చెప్పాలి. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పాసైనవాళ్ళం మేమే మొదటివాళ్ళం. పండక్కి ఊరికి పోతే సెల్‌ఫోన్ పాడైనా, టీవీ రాకపోయినా, ఎవరి ఇంట్లో కంప్యూటర్ ఆగినా "చదువుకున్న పిల్లగాడు వచ్చిండు, చూపియ్యండి" అంటారు. అలా పిలిపించుకోవడం అలవాటై, "మాకు తెలియదు" అనే మాట మా నోట రావడం మానేసింది. హాస్టల్‌లోనూ అంతే. పీజీ చదివే అన్నలు కదా, వాళ్ళకు తెలియదా అని తమ్ముళ్ళు మా వైపు చూశారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని "వైరస్ ఎక్కింది, ఫార్మాట్ కొడితే పోతుంది" అని తీర్పు చెప్పేశాం.

ఆ రాత్రే డీవీడీ పెట్టి, హార్డ్ డిస్క్‌లో ఉన్న భాగాలన్నీ తీసేసి, విండోస్ మళ్ళీ ఎక్కించాం. మధ్యలో తేదీ అడిగితే సరిచేశాం. సైట్లు తెరుచుకున్నాయి. చప్పట్లు కొట్టారు. రాత్రి ఒంటిగంట దాకా ఎనిమిది మంది రెన్యువల్స్ అయిపోయాయి. పడుకునే ముందు వాచ్‌మన్ అన్న రోజూ చేసినట్టే స్టడీ హాల్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. తెల్లవారి ఆన్ చేస్తే మళ్ళీ అదే నల్ల తెర, అవే వాక్యాలు, అదే ఎర్ర గుర్తు. రెండోసారి ఫార్మాట్ కొట్టాం. మూడో రోజు పొద్దున మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక లాభం లేదని కేబినెట్‌ను హాస్టల్ దుప్పట్లో చుట్టి, సిటీ బస్సులో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు తీసుకుపోయాం. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే కంప్యూటర్ సామాను కొనే వాళ్ళందరికీ తెలుస్తుంది. ఒక చిన్న రిపేరు షాపులో ఆన్ చేసి చూపించాం. వాక్యాలు రాగానే మా చెయ్యి అలవాటుగా ఎఫ్1 మీదికి పోయింది. షాపు అన్న మా చెయ్యి పట్టుకుని ఆపి, "తమ్మీ, తెర మీద రాసింది ఒక్కసారన్న చదివిండ్రా?" అని అడిగాడు.

చదవలేదు. ఎన్ని రోజుల నుంచి వస్తోందో అన్ని రోజులూ ఎఫ్1 నొక్కామే గానీ చదవలేదు. అందులో ఉన్నది సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని. ఆయన మూత తీసి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉన్న బ్యాటరీని గోటితో లేపి, కొత్తది పెట్టాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. అంతే, జబ్బు పోయింది.

ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి ఆ అంకె వచ్చింది. 3 వోల్టులు ఇస్తుంది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ తేదీని, సమయాన్ని గుర్తు పెట్టుకునేది దాని బలంతోనే. అది అయిపోతే, మెయిన్ స్విచ్ ఆపిన ప్రతిసారీ గడియారం తయారీ నాటి తేదీకి పోతుంది. మన కంప్యూటర్ 2009 జనవరి 1కి పోయేది. ఇప్పటి సైట్లన్నీ తమ గుర్తింపు సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో చూపిస్తాయి. గడియారం 2009లో ఉంటే ఆ సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ అనుకుని తలుపు మూసేస్తుంది. మీ గడియారం వెనుకబడి ఉందని ఆ ఎర్ర గుర్తు కింద రాసి కూడా చూపించింది. అదీ మేము చదవలేదు. రోగం రూపాయి బిళ్ళంత బ్యాటరీలో ఉంటే మేము హార్డ్ డిస్క్ కడిగేశాం.

గడువులోపల అందరి రెన్యువల్స్ అయిపోయాయి. గెలిచామనే అనుకున్నాం. వారం తర్వాత సంచిక పని చూసే తమ్ముడు పెన్ డ్రైవ్ తీసుకుని వచ్చి, "అన్నా, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ కనిపిస్తలేదు" అన్నాడు. అప్పుడు మాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అరవై నాలుగు పేజీల సంచిక ఆ ఫోల్డర్‌లో ఉంది. ఇంకెక్కడా లేదు.

మళ్ళీ దుప్పటి, మళ్ళీ బస్సు. హార్డ్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో షాపు అన్న వెతికాడు. ఫైలు తీసేసినా అది వెంటనే డిస్క్ మీద నుంచి చెరిగిపోదు. దాని మీద వేరేది రాసేదాకా మిగిలి ఉంటుంది. కానీ మేము రెండుసార్లు విండోస్ ఎక్కించి, మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీదే రాశాం. ఆటల పోటీల ఫోటోలు కొన్ని పేర్లు లేకుండా దొరికాయి. సంచిక పేజీలు దొరకలేదు.

చాలామంది దగ్గర చేతిరాత కాగితాలు ఉన్నాయి. ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడు ఒకడు మాత్రం కాగితం లేకుండా నేరుగా కంప్యూటర్ మీదే రాశాడు. బీడీలు చుట్టి తనను చదివించిన నాయనమ్మ గురించి రాసిన వ్యాసం అది. వాడి ముందు తల దించుకుని నిలబడితే, "ఏం కాదన్నా, మళ్ళ రాస్త" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మిత్రులారా, ఆ తర్వాత మేము కొంత నేర్చుకున్నాం. దాన్ని వరుసగా చెబుతాం.

మొదటిది, తెర మీద వచ్చింది చదవండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. డిస్క్ బూట్ ఫెయిల్యూర్ అని వస్తే హార్డ్ డిస్క్ చచ్చిపోయిందని కంగారు పడవద్దు. ముందు పెన్ డ్రైవ్ ఏదైనా తగిలి ఉందేమో చూసి తీసేయండి. చాలాసార్లు కంప్యూటర్ ఆ పెన్ డ్రైవ్‌లో విండోస్ కోసం వెతుకుతూ ఆగిపోతుంది. తర్వాత డిస్క్ కేబుల్ రెండు వైపులా గట్టిగా ఉందో లేదో చూడండి.

రెండవది, చెవి పెట్టి వినండి. ఆన్ చేయగానే తెర రాకుండా పొడవుగా కూత కూస్తుంటే చాలా బోర్డుల్లో అది ర్యామ్ గురించిన ఫిర్యాదు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, కేబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ఆ తర్వాత ర్యామ్ తీయండి. బంగారు రంగు గీతల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేలా పెట్టండి. హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని ఆగకుండా చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. ఇంకొక్కసారి చూద్దామని ఆన్ చేసిన కొద్దీ మిగిలింది కూడా పోతుంది.

మూడవది, మూత తీసి చూడండి. పది పదిహేను నిమిషాలు నడిచి దానంతట అదే ఆగిపోతుంటే తరచుగా వేడే కారణం. ఫ్యాన్ తిరుగుతోందా, దాని కింద రెక్కల్లో దుమ్ము పేరుకుందా చూడండి. పెయింట్ బ్రష్‌తో దులపండి. ప్రాసెసర్ మీద పాత పేస్టు ఎండిపోతే తుడిచి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు వేయండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా, కారిందా చూడండి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో తయారైన బోర్డులకు ఈ జబ్బు ఎక్కువ. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్ పీకేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగవది, నిదానంగా ఉన్న కంప్యూటర్ అంతా పాడైన కంప్యూటర్ కాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 7 మీద క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. యంత్రం బాగానే ఉన్నా కాలం ముందుకు పోయిందన్నమాట. అలాంటి వాటికి లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. మన కంప్యూటర్‌లో ఇప్పుడు నడుస్తున్నది లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమే.

ఐదవది అన్నిటికన్నా ముఖ్యం. విండోస్ ఎంత మొరాయించినా, లినక్స్‌ను హార్డ్ డిస్క్‌లో ఎక్కించకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిపించవచ్చు. అలా లోపలికి పోయి ఫైళ్ళన్నీ ఇంకో పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. అది మాకు ఆ రోజు తెలిసి ఉంటే సంచిక బతికేది. ఫార్మాట్ కొట్టే ముందు ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరినీ పిలిచి "ఇందులో నీది ఏముంది?" అని అడగండి. మేము అడగలేదు. అడగడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఇప్పుడు స్టడీ హాల్‌లో కంప్యూటర్ పక్కన ఒక నోట్‌బుక్ దారంతో కట్టి ఉంది. ఏ రోజు ఏం వచ్చింది, ఎవరు ఏం చేశారు అని అందులో రాస్తున్నాం. కొన్ని చోట్ల మా అక్షరాలతోనే "తెలియలేదు, షాపులో అడగాలి" అని ఉంటుంది. ఆ మాట రాయడం మొదట్లో చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు అలవాటైంది. ఈ సంచిక మూడు చోట్ల భద్రంగా ఉంది. కంప్యూటర్‌లో ఒకటి, వార్డెన్ సారు బీరువాలోని పెన్ డ్రైవ్‌లో ఒకటి, సంచిక పని చూసే తమ్ముడి మెయిల్‌లో ఒకటి.

నాయనమ్మ వ్యాసం ఈ సంచికలో ఉంది. వాడు మళ్ళీ రాశాడు. చదివి బాగుందన్నాం. "మొదటిది ఇంకా బాగుండె అన్నా, అండ్ల ఆమె మాటలు కొన్ని ఉండె, ఇప్పుడు యాదికొస్తలేవు" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. తమ్ముళ్ళూ, మీరు ఆ వ్యాసం తప్పకుండా చదవండి. చదివాక మీ కంప్యూటర్‌లో, ఫోన్‌లో మీవి ఏమున్నాయో ఈ రాత్రే ఇంకో చోట దాచుకోండి.

ఇట్లు,
ఆరో నంబరు గది మిత్రులు