ఇంకా జవాబు రానివాళ్ళ సాక్ష్యం

కువైట్‌లో మా శుక్రవారం కూడికలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే నాకు మనసు చివుక్కుమంటుంది. వీసా వచ్చినవాళ్ళు లేస్తారు. ఇక్కడ ఉండనిచ్చే అకామా పడినవాళ్ళు లేస్తారు. ఊళ్ళో ఇంటికి స్లాబు వేసుకున్నవాళ్ళు లేస్తారు. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాల్సిందే, కాదనను. కానీ మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటచేసే అక్క ఒకామె వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటుంది. భర్త తాగుడు మానాలని ఏళ్ళ తరబడి ఆమె ప్రార్థన. ఆయన మానలేదు. ఊరినుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన ఆమెతో, "నీ విశ్వాసం చాలలేదమ్మా" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

ఆమె విశ్వాసాన్ని ఆయన ఎప్పుడు చూశాడు? మన ఊళ్ళో ఐదింటికి వేకువ ప్రార్థన మొదలైతే కువైట్‌లో అప్పటికి రెండున్నర. రంజాన్ నెలలో ఆ వేళకి మిష్రిఫ్ ఇళ్ళలో సహర్ భోజనాల హడావుడి. పొయ్యి మీద గిన్నె దించుతూనే చెవిలో ఫోను పెట్టుకుని ఆమె ఆ ప్రార్థనలో కలుస్తుంది. బైబిల్లో హన్నా ప్రార్థిస్తుంటే పెదవులు కదలడం చూసి తాగి ఉందనుకున్న ఏలీ యాజకుడైనా, సంగతి తెలిశాక ఆమెను దీవించి పంపాడు.

మాది ఒంగోలు వైపు. ప్రార్థన కొండ కథ వింటూ పెరిగినవాణ్ణి. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, జూలియా అనే ఆమెతో కలిపి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కారు. తెలుగు మిషను మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడిన మరుసటి ఏడాది అది. కొండ మీద వాళ్ళు ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. క్లౌ దొర వచ్చి అక్కడ కాపురం పెట్టేసరికి 1866. ఇక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ప్రసంగీకులు ఆ అంకె దగ్గరికి ఒక్క గెంతులో చేరుకుంటారు. నడుమ గడిచిన 24 ఏళ్ళ గురించి నాకెవరైనా చెబితే బాగుండును. జవాబు ఎంత పెద్దదో తెలియకుండానే కదా వాళ్ళు అడుగుతూ పోయింది!

క్లౌ దొరలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ఆ బాప్తిస్మాలకు ముందు వచ్చిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడితే ఏడాదికి పైగా ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ళమీద పడకూడదని, కరువు తీరేదాకా ఆగమన్నాడు. తాను అడిగిన జవాబు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, కాసేపు ఉండమనగలిగిన ఓర్పు అది. దాని మీద మాత్రం ఒక్క ప్రసంగమూ వినలేదు.

సరే, అది ఒంగోలు. మరి కువైట్? మిషనరీ జేకబ్ చేంబర్లేన్‌ను మదనపల్లెకు పంపిన రిఫార్ముడు సంఘమే అరేబియా మిషనునూ పోషించింది. వాళ్ళు ఇక్కడ 1914లో ఆసుపత్రి కట్టారు, 1931లో గుడి కట్టారు. అంతకుముందే, 1912లో, ఎలినార్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చి ఈ ఊరి ఆడవాళ్ళకు వైద్యం చేసింది. ఇసుక, ఎండ, జ్వరాలు. ఏళ్ళకేళ్ళు ప్రార్థించినా గుండ్లకమ్మ లాంటి రోజు ఇక్కడ రాలేదు. పైకి చెప్పుకోదగ్గ అంకె ఏదీ లేకుండానే 1967లో ఆసుపత్రి మూతపడింది. ఒంగోలులో మోకరించినవాళ్ళకంటే వీళ్ళ విశ్వాసం తక్కువదని అనడానికి నాకు నోరు రాదు.

వాళ్ళ గుడి ఆవరణలోనే ఇవాళ ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధించుకుంటున్నాయి. మన తెలుగువాళ్ళమూ అక్కడికే చేరతాం. మిష్రిఫ్ అక్కకు సెలవు దొరికిన శుక్రవారం సాక్ష్యాల సమయంలో ముందు ఆమెను లేవమనాలని మా పెద్దలను అడిగాను. భర్త ఇంకా తాగుతూనే ఉన్నాడని, తాను ఇంకా అడుగుతూనే ఉన్నానని ఆమె చెబుతుంది. ఇంకో పాట పాడేంత వ్యవధి కూడా పట్టదు.