ఏది ముందో తేల్చిన ఇల్లు

అహ్మదాబాద్‌లో గాంధీ ఆశ్రమం అనగానే అందరూ సబర్మతికే వెళ్తారు. అంతకన్నా ముందుది పాల్డీ దగ్గర కోచరబ్‌లో ఉంది. బయట వాహనాల హోరు. గేటు దాటితే చెట్ల నీడ, రెండంతస్తుల పాత బంగ్లా. 2024 మార్చిలో బాగుచేసి తెరిచారు.

బారిస్టర్ జీవన్‌లాల్ దేశాయ్‌ది ఈ ఇల్లు. 1915 మే 25న ఇక్కడే ఆశ్రమం మొదలైంది. సత్యం, అహింస, అస్తేయం... అంటూ వ్రతాల జాబితా రాసుకున్నారు. అంటరానితనం పాటించకూడదన్నదీ అందులో ఉంది.

కొన్ని నెలలకే పరీక్ష ఎదురైంది. దూదాభాయ్ అనే దళిత ఉపాధ్యాయుడు భార్య దానీబెన్‌తో, చిన్నారి లక్ష్మితో వచ్చి చేరారు. బావి దగ్గర నీళ్లు తోడే మనిషి తిట్లు లంకించుకున్నాడు. కస్తూర్బాకూ మింగుడుపడలేదు. విరాళాలు ఆగిపోయాయి. వచ్చే నెలకు పైసా లేదన్నారు మగన్‌లాల్. అయితే దళితవాడకు వెళ్లి కూలి చేసుకు బతుకుదామన్నారు గాంధీ. ఆ కుటుంబాన్ని పంపేద్దామన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

తర్వాత ఓ రోజు కారులో వచ్చిన సేఠ్ ఒకరు 13 వేల రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. 1917లో ప్లేగు భయంతో ఆశ్రమం సబర్మతి ఒడ్డుకు తరలింది.

మంచి మాటల జాబితా ఎవరింట్లోనైనా ఉంటుంది. అందులో ఏది ముందో తెలిసేది, కోచరబ్‌లోలా జేబు ఖాళీ అయిన నెలాఖరునే!