సంగీతానికీ మోతాదు ఉండాలి

వృత్తిరీత్యా సంగీతకారులు కానివారు కలిసి వాయించే వాద్యబృందాలు పాశ్చాత్య నగరాలలో అనేకం. అమెరికాలోని బోస్టన్‌లో 1982లో వైద్య విద్యార్థులు, వైద్యులు కలిసి స్థాపించుకున్న లాంగ్‌వుడ్ సింఫనీ అటువంటిదే. పగలంతా రోగులను చూసి, సాయంత్రం వయొలిన్ చేతపట్టే ఈ సహవృత్తులపై నాకెంతో గౌరవం. ఇటువంటి బృందం కచేరీకి రచనలను ఎంచుకునే తీరు గమనిస్తే, అది మందుచీటీ రాయడం వంటిదేనని మీకూ తోస్తుంది. మందు ఎంత మంచిదైనా, రోగి వయస్సు, బరువు, మూత్రపిండాల పనితీరు చూడకుండా రాయము కదా!

మొదట చూడవలసింది, ఎవరెవరు ఉన్నారన్నది. బీథోవెన్ అయిదవ సింఫనీలో ట్రాంబోన్లు చివరి భాగంలో తప్ప మోగవు. ద్వోరక్ రచించి, 1893లో న్యూయార్క్‌లో తొలిసారి వినిపించిన ‘నూతన ప్రపంచం’ సింఫనీలో ట్యూబా వాయించేవారికి రెండవ భాగంలోని కొద్ది స్వరాలే దక్కుతాయి. జీతానికి వాయించేవారు ఓర్చుకుంటారు. పని ముగించుకుని పరుగున వచ్చి, సాధన వేళంతా ఊరకే కూర్చున్నవారు మరుసటి వారం రాకపోవచ్చు. అందుకే అదే కచేరీలో వారికి చేతినిండా పని కల్పించే మరొక రచననూ చేర్చాలి.

రెండవది శరీరం. షూబర్ట్ ‘గ్రేట్’ సింఫనీ ముగింపులో తంత్రీవాద్యకారులు ఒకే కదలికను ఎడతెగక చేయాలి. మణికట్టు, భుజం నొప్పి పుడతాయి. గాలి వాద్యాలు ఊదేవారికి పెదవుల కండరాలు అలసిపోతాయి. అందుచేత ఒకే సాయంత్రం రెండు బరువైన రచనలు తగవు. చెవుల సంగతీ మరువరాదు. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. ఇత్తడి వాద్యాల ముందు కూర్చునేవారికి చెవిరక్షకాలు అవసరం.

మీలో చాలామంది భజన మండలులలో పాడుతుంటారు. మీరూ ఇదే సూత్రం పాటించండి. అందరిలో పెద్దవారి గొంతుకు అందే శ్రుతి పెట్టండి. ఆయాసం ఉన్నవారికి పొడవైన చరణం కాక పల్లవి అప్పగించండి. పాడలేక మానేసినవారు పాటతోపాటు తోడునూ కోల్పోతారు. మలివయస్సులో ఆ లోటు తీరేది కాదు. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకుంటే మాత్రం, శ్రుతి మార్చడంతో సరిపెట్టక చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోండి.