నవ్వించడం రాని ఫొటోగ్రాఫర్‌ని

ఎల్బీ నగర్‌లో ఒక హాఫ్ శారీ ఫంక్షన్. స్టేజీ మీద పాప, చుట్టూ ముప్పై మంది చుట్టాలు. నేను కెమెరా పట్టుకుని మౌనంగా నిలబడ్డాను.

"ఏంది తమ్మీ, ఏం మాట్లాడవ్? జర నవ్వించు అందర్ని" అన్నాడు పాప మేనమామ.

ఇలాంటి రోజు కోసమే నాలుగు జోకులు బట్టీ పట్టి పెట్టుకున్నా. ఒకటి వదిలాను. ఎవరూ నవ్వలేదు. రెండోది గుర్తే రాలేదు.

రాత్రి మెట్రో ఎక్కి, మూడు స్టేషన్ల దూరంలో ఉన్న దిల్‌సుఖ్‌నగర్ రూముకొచ్చి ఫొటోలు చూసుకున్నాను. అందరి పళ్లూ కనిపిస్తున్నాయి. కళ్లు మాత్రం 'ఎప్పుడైపోతుందిరా బాబూ' అంటున్నాయి. వాళ్లింట్లోనే జరగాల్సిన పెళ్లి ఆర్డర్ వేరేవాళ్లకు వెళ్లింది. ఆ నెల అద్దెకు నాన్నను అడగాల్సి వచ్చింది.

మాటలు రాకపోవడం తప్పు కాదు, వచ్చినట్టు నటించడమే తప్పని తెలుసుకోవడానికి ఇంకో ఆర్నెల్లు పట్టింది.

ఇప్పుడు బుకింగ్ రోజే చెప్పేస్తా: "నేను ఎక్కువ మాట్లాడనండీ. కానీ గమనిస్తుంటాను." కొందరు మళ్లీ ఫోన్ చెయ్యరు. చేసినవాళ్ల ఇంటికి ఫంక్షన్‌కి ముందే ఒకసారి, కెమెరా లేకుండా వెళ్లి టీ తాగొస్తా. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో అక్కడే తెలిసిపోతుంది. తప్పకుండా కావాల్సిన ఫొటోల లిస్టు వాట్సాప్‌లో తీసుకుంటా. ఇక గ్రూప్ ఫొటోలకు అందర్నీ కేకేసి పిలవడానికి ప్రతి ఇంట్లో ఒక బాబాయ్ ఉంటాడు. ఆయన్ని ముందే పట్టుకుంటా. ఆ పని ఆయనకీ సరదానే!

ఎదుటివాళ్ల మొహమాటాన్ని గౌరవించడం మన ఊరికి కొత్త కాదు. నిజాం ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్, పర్దా పాటించే ఆడవాళ్ల కోసం 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. అక్కడ కెమెరా వెనక ఉన్నదీ మహిళే. ఫ్రాన్స్‌లో కార్టియె బ్రెసన్ అయితే ఎవరి కంటా పడకూడదని తన లైకా కెమెరా మెరుపును నల్ల టేపుతో కప్పేసేవాడు. ఇవి చదివాక నాకు కాస్త ధైర్యమొచ్చింది.

మొన్నామధ్య ఒక పెళ్లి. అప్పగింతల వేళ అందరూ పెళ్లికూతురి చుట్టూ ఉన్నారు. వాళ్ల నాన్న మాత్రం కనిపించలేదు. వెతికితే హాలు వెనక, ఖాళీ వంట గిన్నెల మధ్య, కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. నన్ను చూశారు. కెమెరా దించేశాను. ఏం అనాలో తెలియలేదు. ఊరికే పక్కన నిలబడ్డాను.

కాసేపటికి ఆయనే "తీస్కో బిడ్డా" అన్నారు.

ఒక్కటే తీశాను.

ఆల్బమ్ సెలెక్షన్‌కి వచ్చినప్పుడు ఆ అమ్మాయి టకటకా ఫొటోలు జరుపుతూ ఆ ఫొటో దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నేనూ మాట్లాడలేదు.