ఆటలో చక్రము – బాటలో చక్రము

కంప్యూటరుముందు కూర్చుండి కారుపందెము లాడు పిల్లలను జూచి విసుగు చెందని తల్లులు మనలో నరుదు. మా యింటను నీ విషయమై వాదము జరుగుచునే యుండెడిది. ఉపాధ్యాయవృత్తిలో నున్న మావారికి ఆ యాట వట్టి కాలహరణముగ దోచెడిది. మేము మాత్ర మొకనాటి సాయంకాలము పిల్లవానిచెంత గూర్చుండి, వాడు చేయుచున్నదేమో యడిగి తెలిసికొంటిమి. అది గృహిణులకును బనికివచ్చునని తోచి యిట వ్రాయుచున్నాము.

ఇటలీదేశపు కునోస్ సిమ్యులాజియోని సంస్థవారు 2019లో వెలువరించిన "అసెట్టో కోర్సా కాంపెటిజియోనె" యను నాట యది. అందు వేగముగ బోవుట యొక్కటియే చాలదు. ప్రతి చక్రమునందును గాలి యెంత, వేడిమి యెంత యని కనిపెట్టుచుండవలెను. చల్లని రబ్బరు బిరుసై బాటను బట్టదు. మితిమీరి కాగినది పట్టుతప్పి జారును. పెనము కాగకమున్నే వేసిన యట్టు అంటుకొనును, మిక్కుటముగ గాగిన మాడును గదా! ఇదియు నట్టిదే.

పొడిబాటపై సుమారు 26, 27 పాయింట్ల గాలి మేలట. అయినను బయలుదేరునప్పు డంత నింపరాదు. పరుగులో వేడెక్కి గాలియొత్తిడి పెరుగును గనుక, తక్కువగ నింపి, కొన్ని చుట్లు తిరుగుసరికి సరిపడునట్లు చూచుకొందురు. గాలి తక్కువైన చక్రము నలిగి వేడెక్కును. ఎక్కువైనచో నడిమిభాగమే నేలనంటును.

గత వైశాఖమున నొక పెండ్లికై మేము గుంటూరినుండి ఒంగోలునకు మా మరిదిగారి కారులో బోవుచుంటిమి. మిట్టమధ్యాహ్నము. చిలకలూరిపేట దాటినపిదప నొక బంకువద్ద గాలి చూపింపగా, 33 పాయింట్లుండవలసిన టైర్లలో 37 ఉన్నవి. "ఎండలో పేలిపోవును, నాలుగు పాయింట్లు తీసివేసెద"నని యచ్చటి పనివాడనెను. మరిదిగారు సరేయనబోగా, మా పిల్లవాడు "బాబాయీ! తీయింపవద్దు. ఆ 33 చల్లని టైరునకు జెప్పిన లెక్క. ఇప్పుడు తీసినచో నిజమునకు 29 పాయింట్లతో బోయినట్లే. అప్పుడే టైరు నలిగి మఱింత కాగును" అనెను.

మావారు మనస్సులో లెక్క వేసికొనిరి. అంత గాలిగల టైరునకు 10 డిగ్రీల వేడిమి పెరిగిన సుమారు ఒకటిన్నర పాయింటు పెరుగును. ఉదయపు చల్లదనమునకును, పరుగిడి కాగిన టైరునకును 27 డిగ్రీల భేదమున్నచో నాలుగు పాయింట్లు సరిపోవును. "వాడు చెప్పినదే నిజము" అని వారే గాలి తీయనీయలేదు. నాటినుండి ఆదివారము రెండుగంటలు ఆటకు ననుమతి లభించినది.

మిరపపంట వచ్చు దినములలో గుంటూరు యార్డునకు బస్తాలతోను, పత్తిమిల్లులకు బోరెములతోను బరువుబండ్లు పోవుట మన మెఱిగినదే. బరువు మిక్కుటమై, గాలి తక్కువై, పైన నెండ తోడైనప్పుడే టైరునకు గండము. కావున ఇంటి కారునకైనను స్కూటరునకైనను నెలకొకసారి తెల్లవారుజామున, బండి కదలకమున్నే గాలి చూపింపుడు. కారునకు ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపుప్రక్క చీటిపై నుండును. స్టెప్నీని మఱువకుడు. దూరప్రయాణమున కాగిన టైరునుండి గాలి తీయింపకుడు.

పిల్లల యాటను నిందించుటకుముందు ఒక్కసారి ప్రక్కన గూర్చుండి యడిగిచూడుడు. కారణము దెలిసి పలికిన మాటకు వయస్సుతో బనిలేదు.