స్వరం కనబడని పుట

నారాయణఖేడ్ సీమలో తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు మూడూ ఒకే సంతలో వినబడతాయి. అక్కడి ఒక ఆలయమండపంలో సాయంసంధ్య వేళ నలుగురైదుగురు బాలురు తైత్తిరీయశాఖను అధ్యయనం చేస్తారు. ఒకనాడు వారిలో ఒకడు నమకంలోని ప్రథమానువాకాన్ని ఆద్యంతం ఒకే స్థాయిలో, ఆరోహణావరోహణలు లేకుండా వల్లించాడు. వృద్ధుడైన ఆచార్యుడు విస్తుపోయి, ఎక్కడ నేర్చావని ప్రశ్నించాడు.

"ఫోనులో చూశానండీ. వెతికితే మొదట వచ్చింది అదే" అన్నాడు బాలుడు, నిర్మలంగా.

ఆ పుటలో అక్షరదోషం లేదు, స్వరచిహ్నాలే లేవు. త్వష్ట వృత్తాంతం ఎరిగినవారికి దీని గురుత్వం వేరుగా చెప్పనక్కరలేదు. ఇంద్రుణ్ణి వధించేవాడు జన్మించాలని ఆయన సంకల్పించాడు. ఉదాత్తం స్థానం తప్పినందువల్ల, ఇంద్రుని చేతిలో వధింపబడేవాడు జన్మించాడు. అక్షరాలన్నీ అవే.

ఆచార్యుని పూర్వశిష్యుడొకడు సంగణకశాస్త్రం చదివి హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. స్వరసహితమైన వేదపాఠం తెలుగు లిపిలో అంతర్జాలాన వెతికేవారికి ఎందుకు గోచరించదన్నదే అతని విచారణ. ఆ వ్యాసాన్ని సమర్పించడానికి విదేశంలోని ఒక విద్వత్సభ అతణ్ణి ఆహ్వానించింది. ఇట్టి సభలు కొత్తవి కావు. సంస్కృతానికీ సంగణకానికీ సంబంధించిన గోష్ఠి 2007లో ఫ్రాన్సులో, 2009లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగింది. 2018లో వాంకూవర్ ప్రపంచ సంస్కృత సమ్మేళనంలో చదివిన ఈ రంగపు వ్యాసాలను, ఆ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు అంబా కులకర్ణి, ఫ్రెంచి పండితుడు జెరార్ హ్యూయేతో కలిసి పరిష్కరించారు.

ప్రయాణానికి ముందు శిష్యుడు గురుదర్శనానికి వచ్చాడు. సముద్రయానాన్ని బౌధాయనుడు దోషాలలో లెక్కించిన సంగతి ఆచార్యునికి తెలియనిది కాదు. ఆ ప్రస్తావన ఆయన తేలేదు. "నీ విషయం చెప్పు నాయనా" అని మాత్రం అన్నాడు.

"గురువుగారూ, యంత్రానికి స్వరచిహ్నం ప్రత్యేక సంకేతం. అక్షరం వెంట అది చేరితే పదం వేరే పదంగా తోస్తుంది. వెతికేవారు చిహ్నాలు లేకుండానే పదాన్ని రాస్తారు. చిహ్నాలను విడిచి పోల్చే ఏర్పాటు లేని చోట స్వరమున్న పుట వెనుకబడుతుంది, స్వరం లేని పుట ముందుకు వస్తుంది. పాత గ్రంథాలను ఛాయాచిత్రాలుగా పెట్టినచోట యంత్రం కంటికి అక్షరాలే ఆనవు."

చిహ్నాలకు అసలు సంకేతాలున్నాయా అని ఆచార్యుడు అడిగాడు. అనుదాత్తపు అడ్డగీత, స్వరితపు నిలువుగీత యూనికోడ్‌లో దేవనాగరి విభాగం నుండి తెలుగుకూ పనికివస్తాయనీ, దీర్ఘస్వరితపు జంటగీతలు 2009లో వైదికచిహ్నాలతో కలిసి చేరాయనీ శిష్యుడు వివరించాడు. ఆపై కొంచెం సంకోచించి, ఆ నిలువుగీతకు అక్కడ పెట్టిన నామం "ఉదాత్తం" అన్నాడు.

ఆచార్యుడు పక్కున నవ్వాడు. మన శాఖలో ఉదాత్తానికి చిహ్నమే లేదు కదా! ఆ నామాన్ని మార్చడం వారి నియమం ప్రకారం అసాధ్యమట. అది ఎక్కువగా స్వరితానికే వాడబడుతుందని పక్కన ఒక వివరణ మాత్రం చేర్చారట. నామం ఒకటి, వస్తువు మరొకటి. వేదాంతులకు ఇది వింత కాదు.

ఆ రాత్రి దీపం ముందు కూర్చుని, శిష్యుడు ముద్రించి తెచ్చిన పాఠాన్ని ఆచార్యుడు ఆసాంతం పరిశీలించాడు. పదకొండు చోట్ల ఎర్రసిరాతో దిద్దాడు. రెండింట జంటగీతలకు బదులు ఒంటిగీత పడింది. మిగిలినవి పక్క అక్షరం మీదికి జరిగినవి.

సభలో ఒక వృద్ధవిద్వాంసుడు సూటిగా అడిగాడట: అంతర్జాలంలో పాఠాలు పరస్పరం భేదిస్తున్నప్పుడు, నీ పాఠానికి ప్రమాణమేది? శిష్యుడు తెరమీది పటాలను ఆపి, ఎర్రసిరా పడిన కాగితాలను ఎత్తి చూపి, ఆ అనువాకాన్ని స్వరయుక్తంగా పఠించాడు. దాని ధ్వనిముద్రణను గురువుకు పంపాడు.

మండపంలో బాలురందరినీ కూర్చోబెట్టి ఆచార్యుడు దాన్ని రెండుమార్లు విన్నాడు. మూడవ మంత్రంలో ఒక దీర్ఘస్వరితం కురచైందనీ, తిరిగి రాగానే ఆ చోటు పదిమార్లు చెప్పించాలనీ అన్నాడు.