ఫిన్లాండ్ సింఫనీ, నేటి గాత్రం

ఫిన్లాండ్ సింఫనీని ఈ కాలపు గాత్ర రచనలతో కలిపి వినిపించే కచేరీలో సాధారణంగా గాత్రం ముందు, విరామం తర్వాత సింఫనీ. పెద్ద ఆర్కెస్ట్రా హోరెత్తించాక ఒంటి గొంతు వెలవెలబోతుంది కాబట్టి ఈ వరస సబబే. అంతకంటే పెద్ద లాభం మరొకటుంది. ముందు పాట విన్న చెవి, ఆ తర్వాత వాయిద్యాల్లోనూ గొంతునే వెతుక్కుంటుంది.

ఫిన్లాండ్ స్వరకర్త జాన్ సిబేలియస్ (1865–1957) 1913లో సొప్రానో గాయనికీ ఆర్కెస్ట్రాకీ రాసిన ‘లువొన్నొతార్’ అందుకు మంచి ఆరంభం. సుమారు పది నిమిషాల రచన. ఫిన్నిష్ పురాణకావ్యం ‘కలేవాల’లోని సృష్టి కథ ఇందులో విషయం. నీటిపక్షి గుడ్డు పగిలి ఆకాశం, చంద్రుడు, నక్షత్రాలు పుడతాయి. బ్రహ్మాండం కథ విన్నవారికి ఇది మరీ వింతగా తోచదు. అడుగున తీగవాద్యాలు సన్నగా రొద చేస్తుంటే గొంతు తారస్థాయి చివరిదాకా ఎగబాకాలి. అనుభవమున్న గాయనులు సైతం జంకే రచన.

ఫిన్లాండ్‌కే చెందిన కైయా సారియాహో (1952–2023) ‘షాతో ద లామ్’లో సొప్రానోకు తోడు ఎనిమిది మంది స్త్రీల గొంతులున్నాయి, మాటలు ప్రాచీన భారతీయ, ఈజిప్టు రచనల నుంచి తీసుకున్నవి. అయితే సిబేలియస్ పక్కన ఇంకా బాగా అమిరేది డెన్మార్క్ స్వరకర్త హాన్స్ అబ్రహామ్సెన్ ‘లెట్ మీ టెల్ యూ’. 2013లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో బార్బరా హానిగన్ దీన్ని మొదట పాడింది. ‘హామ్లెట్’ నాటకంలో ఒఫీలియా పలికిన పదాలనే అటూ ఇటూ పేర్చి, రచయిత పాల్ గ్రిఫిత్స్ ఆమె కథను ఆమె నోటే చెప్పించాడు. గాయని ఒకే అక్షరాన్ని తునకలు తునకలుగా, తడబడుతున్నట్టు పలుకుతుంది. చివర మంచులో అడుగుల చప్పుడు కోసం పెద్ద డ్రమ్ము తోలు మీద కాగితం రుద్దుతారు. వాయిద్యాలు అన్ని ఉన్నా అవన్నీ ఒకేసారి మోగేది తక్కువ.

ఆ సన్నని శబ్దాలకు చెవి అలవాటుపడ్డాక సిబేలియస్ అయిదో సింఫనీ వినాలి. 1915 డిసెంబరు 8న, తన 50వ పుట్టినరోజున, హెల్సింకిలో ఆయనే దీన్ని నిర్వహించాడు. తృప్తి కలగక 1916లో ఒకసారి, 1919లో మరోసారి తిరగరాశాడు; నాలుగు భాగాలు మూడయ్యాయి. 1915 ఏప్రిల్‌లో తలపై ఎగిరిపోయిన 16 హంసల గురించి డైరీలో రాసుకున్నాడు. చివరి భాగంలో హార్న్‌లు ఊయలూపుతూ వాయించే బాణీ ఆ హంసలదే. మాటలు లేవు గానీ పాడుకోవడానికి అనువైన బాణీ. ముగింపులో ఆర్కెస్ట్రా అంతా కలిసి ఆరు దెబ్బలు కొడుతుంది, దెబ్బకూ దెబ్బకూ నడుమ పూర్తి నిశ్శబ్దం. ఈ సంగతి తెలియని శ్రోతలు మొదటి దెబ్బకే చప్పట్లు కొట్టేస్తుంటారు. అందుకే ఆరోది పడేదాకా కండక్టర్ చేతులు దించకూడదు.